పేగుపూత ఉంది, ఇప్పుడు పదహారో వారం. ఏ పరీక్ష నమ్మాలి? ఎవరు చూడాలి?

సీతమ్మధార_చిట్టి
నాకు ఆరేళ్ల నుంచి పేగుపూత. అల్సరేటివ్ కొలైటిస్ అని రాసిన కాగితాలు ఇప్పటికి రెండు సంచులయ్యాయి. ఏడాదిన్నరగా ఒక్క చుక్క రక్తం లేదు. రోజుకి ఒకసారి, మహా అయితే రెండుసార్లు వెళ్తాను. మెసలమైన్ 2.4 గ్రాములు, అజథయోప్రిన్ 75 వేసుకుంటున్నాను. ఇప్పుడు పదహారో వారం నడుస్తోంది.

నన్ను ఇద్దరు డాక్టర్లు చూస్తున్నారు. ఇద్దరూ మంచివాళ్లే, కానీ ఒకరితో ఒకరు మాట్లాడుకోరు. గైనిక్ డాక్టరమ్మని అడిగితే "పేగు సంగతి మీ గ్యాస్ట్రో డాక్టరు చూసుకుంటారమ్మా" అంటారు. ఆయన్ని అడిగితే "కడుపుతో ఉన్నప్పుడు పేగులోకి కెమెరా పరీక్ష వద్దు, రక్తం పడితే రండి" అన్నారు. అంటే రక్తం పడేదాకా చేతులు కట్టుకుని కూర్చోవాలా?

ఉండబట్టలేక మొన్న నేనే వెళ్లి రక్తపరీక్ష చేయించాను. ఈఎస్ఆర్ 46, హిమోగ్లోబిన్ 10.6, ఆల్బుమిన్ 3.3. ఇన్నేళ్లలో బాగున్నప్పుడు ఈఎస్ఆర్ 20 దాటలేదు. ఆ కాగితం చూసిన దగ్గర్నుంచి నిద్ర లేదు. ఇంకోపక్క మా అత్తగారు "బావున్నావు కదమ్మా, బిడ్డ కోసమైనా ఆ మాత్రలు మానెయ్" అంటున్నారు. ఆవిడ నా మంచికే చెప్తున్నారని తెలుసు, అందుకే ఎదురు చెప్పలేకపోతున్నాను.

వైజాగ్‌లో ఈ జబ్బుతో బిడ్డని కన్నవాళ్లు ఉంటే చెప్పండి. ఏ పరీక్ష? ఎన్నాళ్లకోసారి?

గాజువాక_అమ్మ
ముందు ఒక్క మాట. మాత్రలు మానకు తల్లీ. మిగతాది సాయంత్రం రాస్తాను, పిల్లలు స్కూల్ నుంచి వచ్చే వేళయింది.

ల్యాబ్_బల్ల
పద్నాలుగేళ్లుగా ల్యాబ్‌లో టెక్నీషియన్‌ని. మీ కాగితంలో మిమ్మల్ని భయపెట్టింది ఈఎస్ఆర్ కదా, దాని సంగతి చెప్తాను.

సన్నటి గొట్టంలో రక్తం నింపి నిటారుగా స్టాండులో నిలబెడతాం. గంటయ్యాక చూస్తే ఎర్రకణాలు కిందికి దిగి, పైన గంజి తేటలా పసుపు నీరు నిలుస్తుంది. ఆ తేట ఎన్ని మిల్లీమీటర్లో అదే ఈఎస్ఆర్. గర్భిణుల రక్తంలో ఫైబ్రినోజెన్ అనే ప్రొటీను సహజంగానే పెరుగుతుంది. అది కణాల్ని నాణేల దొంతరలా ఒకదానికొకటి అంటిస్తుంది, దొంతర బరువుకి తొందరగా దిగుతాయి. రక్తం తక్కువగా ఉంటే ఇంకా తొందరగా దిగుతాయి. గర్భిణుల స్టాండు చూడగానే నాకు తెలిసిపోతుంది, తేట అంత పొడుగ్గా ఉంటుంది. 40, 50 రోజూ చూస్తాం. ఏ జబ్బూ లేని ఆడవాళ్లలోనే.

ఆల్బుమిన్ కూడా అంతే. ఒంట్లో నీటి భాగం పెరిగి రక్తం పలచబడుతుంది, అందుకే అంకె దిగుతుంది. ఈ రెండింటినీ పట్టుకుని పేగు రేగిందని అనుకోకండి. అడగాల్సింది మలంలో కాల్‌ప్రొటెక్టిన్. గర్భం వల్ల అది పెద్దగా మారదు.

సీతమ్మధార_చిట్టి
ల్యాబ్_బల్ల గారూ, మీ పోస్టు మూడుసార్లు చదివాను. ఈ మాట ఆ కాగితం ఇచ్చిన రోజే ఎవరైనా చెప్పి ఉంటే రెండు రాత్రులు నిద్రపోయేదాన్ని.

మురళీనగర్_మనిషి
కాల్‌ప్రొటెక్టిన్ అంటే ఏంటండీ? మా ఆవిడకి క్రోన్స్, అదీ పేగు వాపు జబ్బే. మేం ఇంకా పిల్లల గురించి ఆలోచిస్తున్నాం అంతే.

ల్యాబ్_బల్ల
పేగు గోడలో వాపు ఉంటే రక్తంలోని తెల్లకణాలు అక్కడికి చేరతాయి. వాటిలో ఉండే ప్రొటీనే అది, మలంలోకి వచ్చేస్తుంది. గ్రాముకి ఇన్ని మైక్రోగ్రాములని లెక్క. 50 లోపు నిశ్చింత. 250 దాటితే పేగు రేగిందనే అనుమానించాలి. మధ్యలో వస్తే కొన్ని వారాలాగి మళ్లీ చూస్తారు. ఒక్క అంకె కంటే అది పెరుగుతోందా, తగ్గుతోందా అన్నది ముఖ్యం. కాబట్టి ప్రతిసారీ ఒకే ల్యాబ్‌లో ఇవ్వండి. కిట్టు మారితే అంకె మారుతుంది, మీరు అనవసరంగా కంగారు పడతారు.

ఇంకోటి. డైక్లోఫినాక్, ఐబూప్రొఫెన్ లాంటి నొప్పి మాత్రలు వేసుకున్నా, విరేచనాల ఇన్ఫెక్షన్ ఉన్నా అది పెరుగుతుంది. అసలు ఈ జబ్బున్నవాళ్లు ఆ మాత్రల జోలికి పోకూడదనుకోండి.

పెందుర్తి_పెద్దాయన
చదువుతుంటే బాధగా ఉంది. కడుపుతో ఉన్న పిల్లకి ఇన్ని పరీక్షలా? మా అమ్మ ఏడుగురిని కంది, ఒక్కసారి సూది గుచ్చించుకోలేదు. వేళకి తిండి, పెరుగన్నం, దానిమ్మ. విరేచనాలకి కుటజారిష్టం రెండు చెంచాలు. ఈ మందుల మీద మందులు బిడ్డకి మంచిదంటారా? నాకూ మనవరాళ్లున్నారు, అందుకే అడుగుతున్నాను.

గాజువాక_అమ్మ
పెద్దాయన గారూ, మీరు ప్రేమతో అడిగారు కాబట్టి నా కథంతా రాస్తాను.

మొదటిసారి నెల తప్పగానే నేనే మందులు మానేశాను. ఎవరూ చెప్పలేదు, బిడ్డకి ఏమవుతుందోనని నా భయం. రెండు నెలలు హాయిగా గడిచింది. ఐదో నెలలో చలిమిడి పెట్టడానికి మా అమ్మవాళ్లు వచ్చిన రోజు పొద్దున జిగట పడింది. వేవిళ్ల తాలూకు నీరసమే అనుకున్నాను. వారం తిరిగేసరికి రోజుకి పన్నెండుసార్లు, అంతా రక్తం. ఎక్కడో విని మొలలనుకున్నాను కూడా, గర్భంతో ఉన్నవాళ్లకి మొలలు మామూలే కదా. ఆసుపత్రిలో చేరేసరికి హిమోగ్లోబిన్ 7.2. స్టెరాయిడ్లు ఎక్కించారు, వాటితో సుగర్ వచ్చింది, ఇన్సులిన్ మొదలైంది. రక్తం గడ్డకట్టకుండా పొట్టకి రోజూ ఓ సూది. ముప్ఫై నాలుగో వారంలో బాబు పుట్టాడు, 1.9 కిలోలు. పదహారు రోజులు అద్దంలోంచి చూశాను వాణ్ణి.

రెండోసారి ముందే జబ్బు నెమ్మదించేలా చేసుకుని, ఆరు నెలలు నిలకడగా ఉన్నాకే ప్రయత్నించాం. మందులు ఒక్కరోజు మానలేదు. మూడు నెలలకోసారి కాల్‌ప్రొటెక్టిన్. అమ్మాయి నెలలు నిండి పుట్టింది, 2.8 కిలోలు. బిడ్డకి హాని చేసింది మందు కాదండీ. జబ్బు రేగడమే చేసింది.

కుటజారిష్టం గురించి, అరిష్టాలు పులియబెట్టి చేస్తారు, వాటిలో దానంతటదే కాస్త సారాయి గుణం పుడుతుంది. గర్భిణికి అదెలా ఇస్తాం?

పెందుర్తి_పెద్దాయన
పదహారు రోజులన్న మాట చదివి కాసేపు ఊరుకున్నాను. అరిష్టం సంగతి నాకు తెలియదమ్మా, ఆ మాట వెనక్కి తీసుకుంటున్నా. కానీ కెమెరా పరీక్షలూ ఎక్స్‌రేలూ మాత్రం వద్దనే అంటాను.

ఉక్కునగరం_పిల్ల
ఎక్స్‌రే, సీటీ వీలైనంతవరకు వద్దన్నది నిజమే. కెమెరా వేరే లెక్క.

నాకు ఇరవై రెండో వారంలో రక్తం పడింది. చిన్న కెమెరా పరీక్ష చేశారు, సిగ్మాయిడోస్కోపీ అంటారు. పెద్దపేగు చివరి భాగమే చూస్తారు. ముందు రోజు పేగు ఖాళీ చేసే ఆ ఉప్పు నీళ్లు తాగడం లేదు, మత్తు లేదు. ఎడమ పక్కకి తిప్పి పడుకోబెట్టారు. వెల్లకిలా పడుకుంటే గర్భసంచి బరువు వెన్ను పక్కనున్న పెద్ద రక్తనాళాల మీద పడుతుందట. మొదలుపెట్టే ముందూ అయ్యాకా బిడ్డ గుండె చప్పుడు వినిపించారు. పది నిమిషాలు పట్టలేదు. కడుపు ఉబ్బరంగా అనిపించింది, అంతే. అందులో పూత కనబడింది, మందు మార్చారు. చూడకుండా వదిలేసి ఉంటే మొలల ఆయింట్‌మెంటు రాసుకుంటూ కూర్చునేదాన్ని.

అందరికీ చేస్తారని కాదు. దాని ఫలితాన్ని బట్టి వైద్యం మారేట్టుంటేనే చేస్తారు.

కొండకింద_పీజీ
గ్యాస్ట్రో విభాగంలో పనిచేస్తున్న జూనియర్ డాక్టర్ని. ఇక్కడ రాసేది మీ డాక్టరు మాటకి బదులు కాదు, ఆయన్ని ఏమడగాలో తెలియడానికి.

గర్భం వచ్చేనాటికి జబ్బు నెమ్మదించి ఉంటే, ఆ తొమ్మిది నెలల్లో మళ్లీ రేగే అవకాశం గర్భం లేనివాళ్లతో సమానమే, సుమారు మూడింట ఒక వంతు. జబ్బు రేగి ఉండగా గర్భం వస్తే మూడింట రెండొంతుల మందిలో అలాగే కొనసాగుతుంది లేదా ముదురుతుంది. అందుకే మురళీనగర్_మనిషి గారూ, మీ ఆవిడకి ముందు నెమ్మదించనివ్వండి. కనీసం మూడు నెలలు, కుదిరితే ఆరు. ఆవిడ మందుల్లో మెథోట్రెక్సేట్ ఉందేమో ఇవాళే చూడండి. అది బిడ్డకి ప్రమాదం, ప్రయత్నించడానికి కనీసం మూడు నెలల ముందే ఆపాలి. టోఫాసిటినిబ్ కూడా గర్భంలో వాడరు. మెసలమైన్, అజథయోప్రిన్, ఇన్‌ఫ్లిక్సిమాబ్, అడాలిముమాబ్ మాత్రం కొనసాగిస్తారు. సల్ఫాసలజైన్ కూడా వాడొచ్చు, కానీ అది ఒంట్లోకి ఫోలిక్ యాసిడ్ సరిగ్గా చేరనివ్వదు కాబట్టి ఫోలిక్ మోతాదు పెంచుతారు.

చిట్టి గారికి. నెమ్మదిగా ఉన్నా సరే మూడు నెలలకోసారి కాల్‌ప్రొటెక్టిన్. అజథయోప్రిన్ వాడుతున్నారు కాబట్టి తెల్లకణాల లెక్క, లివర్ పరీక్ష కూడా. ఒంట్లో ఐరన్ నిల్వ చెప్పే ఫెరిటిన్ పరీక్ష కూడా చేయించండి, హిమోగ్లోబిన్ 10.6 అంటే అంచున ఉన్నారు, రెండో మూడు నెలల్లో 10.5 కన్నా దిగితే రక్తహీనతే. వాపుని చూపే ఇంకో రక్తపరీక్ష సీఆర్‌పీ గర్భంలో ఈఎస్ఆర్ అంత పెరగదు, కానీ పేగుపూతలో పూత ఉండీ సీఆర్‌పీ మామూలుగా ఉండేవాళ్లు చాలామంది. కాబట్టి అది బాగుందని ధీమా వద్దు.

ల్యాబ్_బల్ల
డాక్టరు గారి మాటతో ఒక్కచోట తేడా ఉంది. మూడు నెలలకోసారి చాలదని నా అనుభవం. మా దగ్గరికి వచ్చిన ఒకావిడకి పన్నెండో వారంలో 40 ఉన్నది ఇరవైయో వారానికి 600 అయింది.

కొండకింద_పీజీ
మూడు నెలలన్నది ఏ ఇబ్బందీ లేనివాళ్లకి. మూత్రానికి లేచినట్టు రాత్రి విరేచనానికి లేవాల్సి వస్తోందా, జిగట పడుతోందా, బరువు పెరగడం ఆగిందా, అప్పుడు నెలలు లెక్కపెట్టకూడదు, వెంటనే ఇవ్వాలి. దాంతోపాటు మామూలు మల పరీక్ష, క్లాస్ట్రిడియం డిఫిసిల్ అనే బ్యాక్టీరియా పరీక్ష కూడా. ఇన్ఫెక్షన్‌ని జబ్బు రేగిందనుకుని స్టెరాయిడ్లు మొదలుపెట్టకూడదు.

రామకృష్ణా_బీచ్_గాలి
ఐరన్ మాత్రలు వేసుకుంటే నల్లగా వస్తుంది. నేను అది రక్తమనుకుని రాత్రి రెండింటికి మా ఆయన్ని లేపి ఆసుపత్రికి పరుగెత్తించాను. అక్కడి నర్సమ్మ "ఏటమ్మా, ఐరన్ గోళీలు మింగుతున్నావా?" అని ఒక్క ముక్క అడిగి ఇంటికి పంపేసింది. దారంతా ఇద్దరం నవ్వుకున్నాం.

గాజువాక_అమ్మ
నిజమే, కానీ ఐరన్ మాత్రలు మనలో కొందరి పేగుకి పడవు కూడా. నాకు రెండోసారి నాలుగో నెల దాటాక నరానికి ఎక్కించారు. ఒకటే సెలైన్, కడుపులో ఏ బాధా లేదు. అడిగి చూడండి.

పాలకొండ_రోడ్డు
నాది క్రోన్స్. మొదట టీబీ అన్నారు, తొమ్మిది నెలలు టీబీ మందులు మింగాను, తగ్గలేదు, తర్వాత క్రోన్స్ అని తేలింది. ఇప్పుడు అజథయోప్రిన్ మీద ఉన్నాను. ఇరవై నాలుగో వారం. వైజాగ్ రావాలంటే బస్సులో నాలుగు గంటలు. ఇక్కడి ప్రభుత్వాసుపత్రిలో ప్రతి నెలా 9న గర్భిణులకి ఉచితంగా చూస్తారు, డాక్టరమ్మ బాగానే చూస్తోంది, కానీ ఈ పేగు పరీక్ష పేరు ఆవిడ కూడా మొదటిసారి వింటున్నానంది. నాకు నొప్పి ఏమీ లేదు. నీరసం ఉంది, అది అందరికీ ఉంటుందంటున్నారు. మరి ఆ మలం డబ్బా అంతదూరం ఎలా తేవాలి? పాడవదా?

ల్యాబ్_బల్ల
పాడవదమ్మా. కాల్‌ప్రొటెక్టిన్ గట్టిది, ఒకట్రెండు రోజులు నిలుస్తుంది. మన ఎండలకి మాత్రం చల్లగా ఉంచితే మేలు. ల్యాబ్‌లోనో మెడికల్ షాపులోనో మూతకి చిన్న చెంచా అతికించి ఉన్న ప్లాస్టిక్ డబ్బా ఇస్తారు. పొద్దున మొదటిసారి వెళ్లినది పట్టండి. కమోడ్ నీళ్లు తగలకూడదు, పాత పేపరు పరిచి దాని మీద పట్టుకోండి. మూత్రం కలవకూడదు. చెంచాతో రెండు మూడు చోట్ల నుంచి, మొత్తం చింతగింజంత చాలు, నింపక్కర్లేదు. మూత బిగించి, పేరు, తేదీ, టైము రాసి, ఒక కవర్లో చుట్టి, ఇంకో కవర్లో ఐసు ముక్కలేసి రెండూ ఓ స్టీలు టిఫిన్ డబ్బాలో పెట్టండి. ఆ టిఫిన్ డబ్బా మళ్లీ వంటకి వాడకండి.

చాలా ల్యాబ్‌లు ఈ పరీక్షని హైదరాబాదుకి పంపిస్తాయి, అందుకే రిపోర్టుకి మూడు నాలుగు రోజులు. శనివారం సాయంత్రం ఇవ్వకండి, ఆదివారమంతా అక్కడే ఉండిపోతుంది. ధర ఒక్కోచోట ఒక్కోలా ఉంది, ముందు ఫోన్ చేసి అడగండి.

పాలకొండ_రోడ్డు
ఇంత వివరంగా ఎవరూ చెప్పలేదన్నా. సోమవారం మా ఆయన్ని పంపుతాను. మొదటి బస్సెక్కితే పదింటికల్లా వైజాగ్ బస్టాండులో ఉంటాడు.

వాల్తేరు_పిన్ని
నాకు 1994లో బాబు పుట్టాడు. అప్పుడు ఈ కాల్‌ప్రొటెక్టిన్ ఎక్కడిది? సల్ఫాసలజైన్ మాత్రలు రోజుకి ఆరు, దాంతో ఫోలిక్ యాసిడ్ 5 మిల్లీగ్రాములు. మా డాక్టరు గారు ఓ చిన్న నోటుబుక్కు ఇచ్చి రోజూ రాయమన్నారు. ఎన్నిసార్లు, రక్తం ఉందా, రాత్రి లేచావా, ఏం తిన్నావు. నెలకోసారి అది ఆయన ముందు పెట్టడమే పరీక్ష. ఆ పుస్తకం ఇప్పటికీ మా బీరువాలో ఉంది, ఆరో నెల పేజీ మీద పచ్చడి మరక కూడా ఉంది. కొత్త పరీక్షలు వచ్చాయి, మంచిదే. కానీ అమ్మాయిలూ, ఆ పుస్తకం రాయడం మానకండి. డాక్టరు ముందు కూర్చోగానే అన్నీ మర్చిపోతాం.

సీతమ్మధార_చిట్టి
పిన్నిగారూ, ఇవాళే మొదలుపెట్టాను. మా ఇంట్లో పాత డైరీ ఉంది.

పెందుర్తి_పెద్దాయన
ఇది నాకు నచ్చింది. ఖర్చు లేదు, సూది లేదు.

భీమిలి_కెరటం
అందరూ గర్భం వరకే మాట్లాడుతున్నారు. పుట్టిన రోజు సంగతి నేను చెప్పాలి. ఇన్‌ఫ్లిక్సిమాబ్, అడాలిముమాబ్ లాంటి ఇంజెక్షన్లు వాడుతున్నవాళ్లు దయచేసి ఆగి చదవండి.

నేను ఎనిమిది వారాలకోసారి ఇన్‌ఫ్లిక్సిమాబ్ తీసుకున్నాను, గర్భంలో కూడా. ఆ మందు యాంటీబాడీ కాబట్టి మాయ దాటి బిడ్డలోకి వెళ్తుంది, ఎక్కువగా చివరి మూడు నెలల్లో. పుట్టాక బిడ్డ రక్తంలో నెలల తరబడి ఉంటుంది. అది బిడ్డకి రోగం తేదు, కానీ ప్రాణమున్న టీకాలు పడవు. మన దగ్గర పుట్టిన రోజే వేసే టీబీ టీకా బీసీజీ అలాంటిదే. తల్లి ఇన్‌ఫ్లిక్సిమాబ్ మీద ఉండగా పుట్టిన బిడ్డకి బీసీజీ వేస్తే, అదే ఒళ్లంతా పాకి బిడ్డ చనిపోయిన కేసు 2010లో వైద్య పత్రికలో వచ్చింది.

2021లో మా పాప పుట్టింది. మర్నాడు పొద్దున నర్సు ట్రే పట్టుకుని వచ్చింది. దూదితో పాప ఎడమ భుజం తుడిచేసింది కూడా. నేను ఆపరేషను కుట్లతో లేవలేని స్థితి. మా అమ్మ పాపని రెండు చేతులతో గుండెకి హత్తుకుని "వద్దు, పెద్ద డాక్టరు వచ్చేదాకా వద్దు" అని అరిచింది. నర్సు తప్పేం లేదు, ఫైలులో ఎక్కడా రాసి లేదు. నేను ఆరో నెలలోనే చెప్పాను, ఒకరు ఇంకొకరికి చెప్పలేదు అంతే. పిల్లల డాక్టరు వచ్చి బీసీజీ ఆరు నెలలు ఆపమని, పోలియో చుక్కల బదులు ఇంజెక్షనని ఎర్ర సిరాతో రాశారు. కామెర్ల టీకా, మిగతా సూదులన్నీ వేళకే వేశారు, అవి ప్రాణమున్నవి కావు. రోటా చుక్కలు అప్పుడు ఆపారు. ఈమధ్య ఇవ్వొచ్చంటున్నారు, మీ పిల్లల డాక్టర్ని అడగండి. బీసీజీ విషయంలో మాత్రం కనీసం ఆరు నెలలు ఆగాల్సిందే, ఇన్‌ఫ్లిక్సిమాబ్ అయితే ఏడాది ఆగమనేవాళ్లూ ఉన్నారు.

కాబట్టి ఏడో నెలలోనే పిల్లల డాక్టర్ని కలవండి. తల్లీబిడ్డ కార్డు అట్ట మీదే రాయించండి. పురుటి గదికి వచ్చే మీ మనిషికి కంఠతా పెట్టించండి.

మురళీనగర్_మనిషి
చేతులు చల్లబడ్డాయి చదువుతుంటే. మా ఆవిడకి అడాలిముమాబ్ గురించే ఆలోచిస్తున్నారు. మందుల్లో మెథోట్రెక్సేట్ ఉందండీ, వారానికోసారి. పీజీ గారు చెప్పాకే చూశాను. రేపే వెళ్తున్నాం.

కొండకింద_పీజీ
తప్పకుండా వెళ్లండి. ఆపడం మీ అంతట మీరు చేయకండి, దాని బదులు ఏమివ్వాలో మీ డాక్టరు చెప్తారు. అప్పటిదాకా గర్భం రాకుండా జాగ్రత్త పడండి.

భీమిలి గారి పోస్టుకి ఒకటి కలుపుతాను. టీకా భయంతో గర్భంలో ఇంజెక్షను మానేసేవాళ్లున్నారు, అది పెద్ద పొరపాటు. బీసీజీ ఆరు నెలలు ఆలస్యమైతే ఫర్వాలేదు, తల్లికి జబ్బు రేగితే బిడ్డకి నష్టం. చిట్టి గారూ, మీది అజథయోప్రిన్ కాబట్టి ఈ ఇన్‌ఫ్లిక్సిమాబ్ లెక్క మీకు వర్తించదు, అయినా మీరేం మందు వాడారో పిల్లల డాక్టరుకి చెప్పండి.

ఉక్కునగరం_పిల్ల
కాన్పు ఎలా? నాకు మామూలు కాన్పే అయింది. పేగుపూత ఉంటే ఆపరేషనే అని బెదిరించారు చుట్టాలు.

కొండకింద_పీజీ
పేగుపూత ఉన్నంత మాత్రాన ఆపరేషను అక్కర్లేదు. క్రోన్స్‌లో మలద్వారం చుట్టూ చీము, ఫిస్టులా (పేగు నుంచి చర్మానికి పడే దారి) రేగి ఉంటే సిజేరియన్ అంటారు. పేగు ఆపరేషనై లోపల సంచి కట్టినవాళ్ల విషయం విడిగా మాట్లాడుకోవాలి. మిగతావాళ్లకి గైనిక్ డాక్టరు నిర్ణయమే. పాలు ఇవ్వొచ్చా అని ఎవరైనా అడిగే ముందే చెప్తున్నా, మెసలమైన్, అజథయోప్రిన్, ఇన్‌ఫ్లిక్సిమాబ్ మీద ఉండగా పాలివ్వొచ్చు.

సీతమ్మధార_చిట్టి
పన్నెండు రోజుల తర్వాత వస్తున్నాను. కాల్‌ప్రొటెక్టిన్ 64. ఫెరిటిన్ 9, అంటే హిమోగ్లోబిన్ తగ్గడం ఐరన్ లోటుతోనట. నరానికి ఎక్కిస్తామన్నారు.

ఇంకోటి చేశాను. గ్యాస్ట్రో డాక్టరు దగ్గరికి అత్తగార్ని తీసుకెళ్లాను. ఆయనే ఆవిడకి చెప్పారు, "ఈ మాత్ర మీ కోడలి పేగుకి కాదమ్మా, మీ మనవడికి గొడుగు" అని. ఆవిడ ఏమీ అనలేదు. రాత్రి భోజనాలయ్యాక నీళ్ల గ్లాసూ మాత్రల డబ్బా తెచ్చి నా ముందు పెట్టారు. అప్పట్నుంచి రోజూ ఆవిడే గుర్తుచేస్తున్నారు.

అక్కడే కూర్చుని గైనిక్ డాక్టరమ్మకి ఆయన చేత ఫోన్ చేయించాను. రెండు నిమిషాలు మాట్లాడుకున్నారు. ఇరవైయో వారం టిఫా స్కాన్‌తో (బిడ్డ అవయవాలన్నీ చూసే స్కాన్) పాటు పేగు సంగతి కూడా ఆవిడ కాగితంలో రాస్తారు, ఇరవై ఎనిమిదో వారంలో మళ్లీ కాల్‌ప్రొటెక్టిన్, ఆఖరి మూడు నెలల్లో బిడ్డ ఎదుగుదల స్కాన్లు. రెండు ఫైళ్లలోనూ అదే రాశారు, ఫోటో తీసుకున్నాను.

గాజువాక_అమ్మ
64 చూసి నాకే ప్రాణం లేచొచ్చింది. అత్తగారికి నా నమస్కారాలు చెప్పు.

పాలకొండ_రోడ్డు
నాది 480 వచ్చింది.

సీతమ్మధార_చిట్టి
అయ్యో అక్కా. డాక్టరుకి చూపించావా?

పాలకొండ_రోడ్డు
మర్నాడే బస్సెక్కాను. వైజాగ్ పెద్దాసుపత్రి కేజీహెచ్‌లో చూపించుకున్నాను. పొట్ట మీద నుంచే పేగు స్కాన్ చేశారు, బిడ్డని చూసే మిషన్ లాంటిదే. పేగు గోడ 3 మిల్లీమీటర్ల లోపు ఉండాలట, నాకు 5. ఇంకో నెల పోతే గర్భసంచి అడ్డొచ్చి చిన్నపేగు చివర కనబడేది కాదు, ఇప్పుడే వచ్చావు మంచిదైందమ్మా అన్నారు ఆ డాక్టరు గారు. నొప్పి లేదు, రక్తం లేదు, నీరసం ఒక్కటే, ఆ డబ్బా పంపకపోతే తెలిసేదే కాదు. స్టెరాయిడ్ మొదలుపెట్టారు, వారంవారం సుగర్ చూసుకోమన్నారు. మా ఊరి డాక్టరమ్మకి కాగితం రాసిచ్చారు, ఆవిడ ఆ పరీక్ష పేరు తన పుస్తకంలో రాసుకుంది.

ల్యాబ్_బల్ల
నాలుగు వారాలాగి మళ్లీ పంపించమ్మా. అదే ల్యాబ్‌కి.

పాలకొండ_రోడ్డు
ఇవాళ రెండోది వచ్చింది అన్నా. 170. బిడ్డ బరువు కూడా వారాలకి తగ్గట్టే ఉందన్నారు. తర్వాతి డబ్బా ముప్ఫై రెండో వారంలో. టిఫిన్ డబ్బా మీద పేరు రాసి అటక మీద పెట్టాను, ఎవరూ తీయకుండా.